సగం వేసిన తంగేడు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు చింతామణి బస్సు బాగేపల్లి బస్టాండులోకి వచ్చి ఆగింది. రోజూ ఆ వేళకే వస్తుంది. ముందు తలుపులోంచి మా వదిన దిగింది. నేను ఎదురుపోయి ఆమె చేతిలోని కూరగాయల సంచులు అందుకున్నాను. చంకలో ఇంకొకటి ఉంది. పాత దుప్పట్లో చుట్టి, సుతిలితో అడ్డంగా నిలువుగా కట్టినది. దానికి చేయి చాపితే పక్కకు తిరిగింది.

"ఇది నీకియ్యను. ఇంటికి పోయినాక అన్న ముందర విప్పుతా," అంది.

ఆమె చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం నాకు బాగా గుర్తుంది. దాన్ని నేను ఇంతవరకూ క్షమించలేదు.

మరునాడు మా అక్క సంవత్సరీకం. అక్క అంటే నాకు తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయనకు అన్న అయిన మా బావ భార్య. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె పోయేదాకా ఇద్దరమూ ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకున్నాం. వదిన మా బావకు చెల్లెలు, మా ఆయనకు అక్క. ఆమెను చింతామణిలో ఇచ్చారు. అన్నదమ్ములిద్దరిదీ బాగేపల్లిలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. అక్క సర్కారీ ప్రౌఢశాలలో, అంటే ఇక్కడి హైస్కూల్లో, సైన్సు టీచరమ్మ.

మా నడింట్లో గోడకు ఒకే ఒక మేకు ఉండేది. దానికి ఒక కొయ్య చట్రం. చట్రంలో అక్క వేసిన పువ్వు బొమ్మ. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు వేప పువ్వు ఉంది. ఎండ ముదిరాక ఒక పొద్దున చూస్తే చింత పువ్వు ఉంది. ఇంకో బొమ్మ కొన్నారేమో అనుకున్నాను. అప్పటికే నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. ఇంటి గోడల మీద అందంగా వేలాడదీసేవంటే పెద్దగా నమ్మకం లేదు. మా పుట్టింట్లో షోకేసులో గాజు హంసలు ఉండేవి. వాటి దుమ్ము తుడవడం తప్ప వాటితో ఎవరికీ పని ఉండేది కాదు. ఇదీ అట్లాంటిదే అనుకుని, "గోడకు బాగుందక్కా," అన్నాను మర్యాదకు.

ఆమె నన్ను అక్కడే ఆపింది. పెరట్లోంచి చింత కొమ్మ ఒకటి విరుచుకొచ్చి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, బొమ్మ కింద బల్ల మీద పెట్టింది.

"బాగుండేదానికి పెట్టలేదు పాపా. సరిచూసుకునేదానికి. చూడు, దీనికి రేకులెన్ని?"

"అయిదు."

"చూసి చెప్పు. అయిదని ఎవురు చెప్పినారు నీకు?"

చూస్తే కనిపించేవి మూడే. బొమ్మలోనూ మూడే. పసుపు మీద ఎర్రటి నరాలు, కొమ్మలోనూ కాగితంలోనూ. బొమ్మలో ఒక ఆకుకు పురుగు కొరికిన బొక్క కూడా ఉంది. అదెందుకని అడిగితే, "ఆ ఆకుకు ఉండింది," అంది.

ఆ ఇంట్లో పద్ధతి అది. బొమ్మలు నాలుగు. శివరాత్రి వచ్చే వేళకు మోదుగ, ఉగాది ముందర వేప, ఎండాకాలం చింత, వానలు పడ్డాక తుమ్మి. నాలుగూ ఆ ఒక్క చట్రంలోనే ఒకదాని వెనక ఒకటి ఉండేవి. వెనక నాలుగు ఇనుప చిలకలు తిప్పితే అట్ట ఊడివచ్చేది. ముందున్న కాగితం తీసి వెనక్కి పెట్టడం, వెనకది ముందుకు తేవడం, అంతే. కానీ తేదీ చూసి మార్చకూడదు, పండుగ చూసి మార్చకూడదు. బయట ఆ పువ్వు పూసిందని కళ్ళతో చూసి, ఒక కొమ్మ తెచ్చి, గ్లాసులో పెట్టి, బొమ్మతో సరిపోల్చి అప్పుడు మార్చాలి. ఆ కొమ్మను ఒక్క రోజు ఉంచి, మరునాడు పారేయాలి. వాడిన పువ్వు ఇంట్లో ఎందుకనేది.

ఒక ఏడు వానలు బాగానే పడినా తుమ్మి దొరకలేదు. మా చుట్టుపక్కల చేలల్లో కలుపు మందు కొట్టారు. ఆ మందు అమ్మింది మా అంగడే. అక్క ఆ ఆదివారం బస్సెక్కి దిబ్బూరహళ్ళి దాకా పోయి, ఒక మల్బరీ తోట గట్టు మీది తుమ్మి మొక్కను వేరుతో సహా తడిగుడ్డలో చుట్టుకొచ్చింది. రాత్రి అన్నం దగ్గర బావ నవ్వుతూ, "కలుపు కోసరం బస్సు చార్జీ పెట్టిన మనిషిని నిన్నొక్కదాన్నే చూసినా," అన్నాడు. "మీరు చంపకపోతే నడిచే పోయుందును," అంది అక్క. ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ఆగిన తరువాత కూడా ఆ మాట కొంచెంసేపు పళ్ళెం మీదే ఉండిపోయింది.

ఆమె బొమ్మ వేసే తీరు కూడా చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. మొక్కను ఇత్తడి తాంబాళంలో తడిగుడ్డ మీద పడుకోబెట్టేది. ముందు పెన్సిలుతో కొమ్మంతా ఉన్న కొలతకే గీసేది. తరువాత ఒక పువ్వు, ఒక ఆకు, ఒక మొగ్గ, ఒక కాయ, ఇట్లా ఒక్కొక్కదాన్నే ఎదురుగా పెట్టుకుని రంగు వేసేది. నీటి రంగులు. ఎదురుగా లేనిదాన్ని వేసేది కాదు. పువ్వు వాడిపోతే ఆ కాగితం పక్కన పెట్టేసి, మరుసటి ఏడాది కొత్త కొమ్మను కొత్త కాగితం మీద మొదటి నుంచి గీసేది. మోదుగ బొమ్మ మూడేళ్ళు పట్టింది. కాగితం అడుగున చిన్న అక్షరాలతో పువ్వు పేరు తెలుగులో, కన్నడంలో, సైన్సు పేరు, ఎక్కడ దొరికింది, అంతే రాసేది. తన పేరు వేసేది కాదు.

చింతామణిలో మా వదిన కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు మేమంతా గృహప్రవేశానికి పోయాం. హాల్లో సోఫా వెనక వరసగా పువ్వుల బొమ్మలు. పాతకాలం విదేశీ పుస్తకాల్లోని బొమ్మలను అచ్చు వేసి అమ్ముతారట, ఆన్‌లైన్లో తెప్పించింది. మనకు పేర్లు తెలియని పూలు, దుంపతో సహా, వేళ్ళతో సహా, కింద లాటిన్ పేర్లు. కాలానికొక సెట్టు వచ్చిందట. స్ప్రింగు సెట్టు, ఆటమ్ సెట్టు. వాటికి తగ్గ దిండు గలీబులు కూడా. బయట చింతామణి ఎండ మండిపోతోంది, గోడ మీద మంచు దేశపు పూలు పూసి ఉన్నాయి.

నేను ఒక్క చూపుతో సరిపెట్టుకున్నాను. అక్క మాత్రం ఒక్కొక్క బొమ్మ దగ్గరా నిలబడి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, దగ్గరికి వంగి చూసింది. "బాగా వేసినారు. వేసినాయన చెట్టును చూసినాడు," అంది. తరువాత వదిన వైపు తిరిగి, "ఇది యాడ పూస్తాది?" అని అడిగింది.

"గోడ మీద," అంది వదిన.

అందరం నవ్వాం. వదిన మాట నేర్పు గల మనిషి. చేతి ధారాళం గల మనిషి కూడా. ఇదంతా రాస్తున్నప్పుడు ఆమెను చెడ్డదాన్ని చేయడం నాకు సులభం. కానీ ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే నా కోపానికి ఒక దారి దొరికేది.

తంగేడు బొమ్మ అక్క చాలా ఏళ్ళు వేయలేదు. "ఎప్పుడు చూసినా పూస్తానే ఉంటాది, దానికి కాలమేముండాది," అనేది. అందుకని తుమ్మి బొమ్మే వానాకాలం దాటి, కార్తీకం దాటి, మోదుగ వచ్చేదాకా గోడ మీద ఉండిపోయేది. అది తప్పని ఆమెకు తెలుసు. రిటైరయ్యాక గమనించడం మొదలుపెట్టింది. ఎప్పుడూ పూసినా, వానలు వెనకబట్టాక పూసే పూత వేరు, అప్పుడు గుట్టల పక్క పచ్చగా పరుచుకుంటుంది అని తేల్చుకుంది. దాని చోటు దానికి ఇవ్వాలి అంది. ఆ మాట అన్న కొన్నాళ్ళకే ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది.

బెంగళూరు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించేశాక, కార్తీకంలో, ఒక పొద్దున బావను అడిగింది. ఆయన స్కూటరు మీద సోమేనహళ్ళి వైపు పోయి, గుట్ట పక్క నుంచి నిండా పూసిన తంగేడు కొమ్మ ఒకటి తెచ్చి ఇచ్చి అంగడికి పోయాడు. మంచానికి అడ్డంగా పలక వేసి, తాంబాళం పక్కన పెట్టాను. ఆ పొద్దు కొమ్మంతా పెన్సిలుతో గీసింది. చేయి వణికితే ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీసింది. మధ్యాహ్నం ఒక పువ్వుకు రంగు వేసింది. నేను పక్కనే కూర్చుని చూశాను. రేకులన్నీ ఒక తీరుగా ఉండవు, అంచులు నలిగిన గుడ్డలా ఉంటాయి. లోపలి కేసరాల్లో కొన్ని పొట్టివి, ఎందుకూ పనికిరానివి. కింది మూడు పొడుగ్గా వంకర తిరిగి ఉంటాయి. ఆకుల జతకూ జతకూ నడుమ ఆవగింజలో సగం కూడా లేని బుడిపె ఒకటి. కాడ మొదట్లో చెవి లాంటి చిన్న ఆకు. ఇవన్నీ ఆమె చూపిస్తేనే నాకు తెలిశాయి. ఊరి చుట్టూ తంగేడే పెట్టుకుని పుట్టి పెరిగినదాన్ని.

మరునాడు ఒక ఆకు వేసింది. సాయంత్రానికి పూలన్నీ రాలిపోయాయి. కుంచె కడిగి పెట్టేసింది.

"రేపు నేను పోయి ఇంకో కొమ్మ తెస్తా అక్కా," అన్నాను.

"ఆ కొమ్మ ఇది కాదు కదా."

"చెట్టు అదేగా."

"గీసింది ఈ కొమ్మను. ఇంకోదాన్ని చూసి దీంట్లో వేస్తే ఏమవుతాది? రెండూ కాకుండా పోతాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇది ఇంతే పాపా. చూసిందాకా వేసినా. చూడంది అట్లే తెల్లగా ఉండనీ. మళ్ళా పూసినప్పుడు ఇట్లే పెట్టు."

పెడతానన్నాను. ఆమే అడుగున పేర్లు రాసింది. సోమేనహళ్ళి అని రాసింది. చట్రం తెప్పించి, అట్ట ఊడదీయించి, అన్నిటికన్నా వెనక ఆ కాగితం పెట్టించింది. చిలకలు నేనే తిప్పాను. మార్గశిరంలో ఆమె పోయింది.

నడింట్లో ఇంకెవరూ లేరప్పుడు. ఆ మాట నాకు ఒక్కదానికే చెప్పింది. దానికి సాక్షి లేదు.

మాలో ఒక మనిషి పోతే ఆ ఇంటికి ఏడాది పాటు పండుగ లేదు. వాకిట్లో పెద్ద ముగ్గు వేయరు, గుమ్మానికి తోరణం కట్టరు, సున్నం కొట్టరు. నాకు ఇది ఒప్పుకోదగ్గ పద్ధతే. పోయిన మనిషి చోటు ఏడాది పాటు ఖాళీగా కనిపించాలి. మోదుగ పూసిన రోజుల్లో నాకే చట్రం ముట్టుకోబుద్ధి కాలేదు. కానీ ఉగాది ముందర పెరటి వేప పూసింది. నేను కొమ్మ తెచ్చి గ్లాసులో పెట్టి, చట్రం దించబోతే బావ వద్దన్నాడు. గట్టిగా కాదు. "చెల్లిని ఒక మాట అడుగమ్మా," అన్నాడు. ఆడబిడ్డ మాట పెద్దది మా ఇంట్లో. ఫోను చేశాను.

"ఏడాది లోపల ఇంటికి అలంకారం చేస్తారా యాడన్నా?" అంది వదిన.

"ఇది అలంకారం కాదు వదినా."

"గోడకు తగిలించింది అలంకారం కాకపోతే ఏమి, క్యాలెండరా?"

"క్యాలెండరే."

"నీతో మాట్లాడి గెలవలేను తల్లీ. ఏడాది దాటనీ. సుమ్నే ఉండు."

ఊరికే ఉన్నాను. అంగడి గోడ మీద విత్తనాల కంపెనీ క్యాలెండరు మాత్రం, అరచేతి మందాన గులాబీలతో, జనవరిలోనే మారింది. అది ఎవరికీ అలంకారం అనిపించలేదు. మా నడింట్లో తుమ్మి బొమ్మ ఎండలన్నీ గోడ మీదే ఉంది. వానలు పడి తుమ్మి పూసినప్పుడు రెండు నెలల పాటు గోడా బయటా ఒకటయ్యాయి. అది ఎవరూ చేసింది కాదు, కాలం తిరిగి వచ్చి దానికదే కలిసింది.

కార్తీకంలో తంగేడు పూసింది. సంవత్సరీకం దగ్గరపడుతోంది, ఆ తరువాత ఎవరి అడ్డూ ఉండదు. ఆ రోజుల్లోనే మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటే తొండేభావికి పోయి వారం ఉండి వచ్చాను. వచ్చి చూస్తే మేకు ఖాళీగా ఉంది.

"చెల్లి వచ్చి తీసకపోయిందమ్మా," అన్నాడు బావ. "చట్రానికి చెద పట్టుండాదంట. చిక్కబళ్ళాపురంలో కొత్తది చేయిస్తాదంట."

చెద నిజమే, కింది కొయ్యకు పట్టింది. నేను అంతవరకే ఆలోచించాను.

ఇప్పుడు మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. ఇంటికి వచ్చాక వదిన కాళ్ళు కూడా కడుక్కోలేదు. బావను అంగడి నుంచి పిలిపించి, నడింట్లో కూర్చోబెట్టి, సుతిలి కోసి దుప్పటి తీసింది. బంగారు రంగు అంచుల చట్రం. లోపల తంగేడు. కొమ్మ నిండా పూలు. అన్నీ పచ్చగా, అన్నీ ఒకే కొలతలో, గుండ్రంగా, అయిదేసి రేకులు అచ్చు పోసినట్టు. ఆకులు నిగనిగలాడుతున్నాయి. వెనక ఆకాశం నీలంగా. రేకుల మీద మంచు చుక్కలు. ప్రతి చుక్కలోనూ తెల్లటి మెరుపు.

బావ లేచి నిలబడ్డాడు. దగ్గరికి పోయి అద్దం మీద చేయి పెట్టాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "బాగుండాది," అన్నాడు. "ఎంత బాగుండాదమ్మా."

నేను ఆమె వేసిన పువ్వు కోసం వెతికాను. కొమ్మకు కుడి పక్క, పై నుంచి మూడోది. ఆ చోట ఉన్నది కూడా గుండ్రటి పువ్వే. నలిగిన అంచు లేదు. పొట్టి కేసరాలు లేవు. కాడ దగ్గరి చెవి ఇంకో ఆకైపోయింది. అడుగున మాత్రం ఆమె చేతిరాత అట్లాగే ఉంది. తంగేడు. సోమేనహళ్ళి.

"ఎవరు చేసినారు ఇది?" అన్నాను.

"మా చింతామణిలో పెయింటరు ఉండాడు. గుడి గోపురం బొమ్మలకు రంగేస్తాడు. మంచి చెయ్యి." వదిన ఇంకా నవ్వుతూనే ఉంది. "చట్రం విప్పితే వెనక ఇది కనిపించింది. పాపం, సగంలో వదిలిపెట్టి పోయింది. పని మిగిలిపోతే మనిషి ఈడనే తిరుగుతా ఉంటాదంట. అర బొమ్మ ఇంట్లో పెట్టకూడదు కూడా. ఏడాది తిరిగేలోపల పూర్తి చేయిస్తే దాని దోవన అది పోతాదని చేయించినా."

"పని మిగల్లేదు వదినా. ఆమే ఆపింది. ఇంతేనని నాతో చెప్పింది. ఇట్లే పెట్టమనింది."

"నాతో చెప్పలేదే," అన్నాడు బావ, బొమ్మ మీంచి చూపు తీయకుండానే.

"మీరు అంగడిలో ఉండారు బావా."

"ఎవురన్నా సగం బొమ్మ గోడకు పెట్టమంటారా అమ్మా? జ్వరంలో ఏమనిందో."

"జ్వరం లేదు ఆ పొద్దు."

"ఏమ్మా," అంది వదిన. ఆమె గొంతు మారింది. "నేను మా అన్న పెండ్లానికి చేసినాను. ఇంట్లో మనిషని చేసినాను. నువ్వు ఆమెకు ఏమవుతావని ఇంతగా అడుగుతాండావు?"

తోడికోడలికి తోడికోడలు ఏమవుతుంది? ఒకరు చెట్టు వంచితే ఒకరు కోస్తారు. ఒకరు పప్పు ఎసట్లో వేస్తే ఒకరు తిరగమాత పెడతారు. ఒకరికి నొప్పిగా ఉన్న రాత్రి ఒకరు వీపు రుద్దుతారు. బంధుత్వాల్లో దీనికి చోటు చిన్నది. దుఃఖానికి వచ్చిన వాళ్ళు బావను పలకరించారు, వదినను పట్టుకుని ఏడ్చారు, నన్ను కాఫీ అడిగారు.

"ఏమీ కాను," అని వంటింట్లోకి పోయాను.

మరునాడు వచ్చిన వాళ్ళంతా ఆ బొమ్మ దగ్గర నిలబడ్డారు. దాన్నీ అక్క ఫోటోనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండింటికీ కలిపి చందనపు చెక్కల దండ వేశారు. "టీచరమ్మ ఎంత బాగా వేసింది, మంచు చుక్కలు చూడండి, ముట్టుకుంటే తడి అంటుకునేటట్టుండాయి," అన్నారు. ఆమెతో కలిసి పాఠాలు చెప్పిన మాస్టరు ఒకాయన ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. నేను వడ్డిస్తూ ఇదంతా విన్నాను. నా చేతిలో పులుసు గిన్నె ఉంది. ఆమె జన్మలో చూడనిదాన్ని వేయలేదు. కార్తీకపు మధ్యాహ్నం వేసిన పువ్వు మీద మంచు ఎక్కడి నుంచి వచ్చింది అని ఒక్కరూ అడగలేదు. ఆమె చేతిరాత కింద ఉంది కాబట్టి ఆ అబద్ధం ఆమెదైపోయింది. పొగడ్త కూడా ఆమెకే పోయింది. దొంగ సాక్ష్యం మీద చచ్చిన మనిషి చేత సంతకం పెట్టించినట్టుంది నాకు. ఆ పూట నేను అన్నం తినలేదు. మడి కోసమని అనుకున్నారు.

వారం తరువాత ఎవరికీ చెప్పకుండా చింతామణికి పోయాను. వదిన ఇంటికి కాదు, పెయింటరు దగ్గరికి. బస్టాండు వెనక సందులో, ఒక రేకుల షెడ్డు. కొబ్బరికాయల అంగడి బోర్డు రాస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఫలానా తంగేడు బొమ్మ అనగానే మొహం విప్పారింది.

"ఆ యమ్మ తెచ్చిందేనా? బాగా వచ్చిందమ్మా అది. మంచు చుక్కలు వాళ్ళు అడగలేదు, నేనే వేసినా. సుమ్నే పసుపు పువ్వంటే ఎవురు చూస్తారు?"

"పైన వేసిన రంగు తీసేయడానికి అవుతుందా?"

"తీసేదా? ఎందుకు?"

"అడుగున ఉన్నది కావాలి."

అతను కుంచె డబ్బాలో పెట్టి నా వైపు చూశాడు. పిచ్చిదాన్ననుకున్నాడో లేదో తెలియదు.

"అది ఆయిలు పెయింటమ్మా. కాయితంలోకి దిగిపోయి ఉంటాది. గీకితే కాయితం కూడా వస్తాది."

"ఒక పువ్వుకు ముందే రంగు వేసి ఉండింది. దాన్నెందుకు ముట్టుకున్నారు?"

"అదొక్కటే పలచగా, వేరేగా ఉండె. మిగిలినవాటితో కలవల్ల కదా. అందుకని దాని మీద కూడా ఒక పూత కొట్టినా." తరువాత, నన్ను ఓదార్చడానికేమో, "అది కూడా బాగానే వేసుండిరి, ఎవురో గాని," అన్నాడు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అతనికి ఒక సగం బొమ్మ ఇచ్చి నింపమన్నారు, నింపాడు. అతను తంగేడు చెట్టును చూసి ఉంటాడు, నాలాగే, రోజూ దాని పక్క నుంచి నడిచి. సంత రోజు కావడంతో తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటే దారి పొడుగునా కిటికీల్లోంచి తంగేడు కనిపించింది. ముదిరిపోయి, సగం పూలు రాలి, కాయలు వేలాడుతూ, దుమ్ము కొట్టుకుని. దాన్ని చూసినా నాకు కోపమే వచ్చింది.

ఇంటికి వచ్చాక చట్రాన్ని మేకు నుంచి దించి వెనక్కి తిప్పాను. కనీసం మిగిలిన నాలుగు బొమ్మలు ఏమయ్యాయో చూద్దామని. వెనక ప్లైవుడ్డు కొట్టి, చుట్టూ టేపు అంటించి, చిన్న మేకులు దిగ్గొట్టారు. చిలకలు లేవు. వదినకు ఫోను చేసి అడిగాను.

"యాడికి పోతాయి? దాంట్లోనే ఉండాయి," అంది. "అద్దానికి బిగుతుగా ఉండల్ల కదా, వెనక మెత్తగా వాటినే పెట్టించినా. పారేయలేదులే."

వేప, చింత, తుమ్మి, మోదుగ. ఆ నూనె రంగు కాగితం వెనక, మేకులు కొట్టి.

అంగడి నుంచి పటకారు తెచ్చి మొదటి మేకు పట్టుకున్నాను. అప్పుడే బావ లోపలికి వచ్చాడు. వచ్చి చట్రం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన రోజూ పొద్దున కాఫీ తాగేటప్పుడు కుర్చీ ఆ బొమ్మ ముందరికి జరుపుకుంటున్నాడని నాకు తెలుసు.

"విప్పితే అతుక్కుని చిరుగుతాదేమోమ్మా," అన్నాడు.

"మిగిలినవి ఉండాయి బావా లోపల. వేప పూసేటప్పటికి మార్చాల కదా."

"ఎందుకు మార్చేది?" ఆయన గొంతులో తగవు లేదు, వేడుకోవడం ఉంది. "అది వేసిన కడా బొమ్మ ఇదే కదా. ఏడాదికి నాలుగు తూర్లు మార్చి మార్చి చూసినాం. ఇదొక్కటన్నా అట్లే ఉండనీ తల్లీ."

ఇది ఆమె వేసింది కాదు బావా. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన వేలితో అద్దం మీద ఒక మంచు చుక్కను తుడుస్తున్నాడు. ఆయనకు భార్య మిగిల్చిపోయిందని అనుకుంటున్నది అదొక్కటే. దాన్ని కూడా లాక్కునే హక్కు తోడికోడలికి ఉందా లేదా అని నేను ఆలోచించలేదు. హక్కు ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ పటకారు పక్కన పెట్టేశాను. చట్రాన్ని ఆయనే మేకుకు తగిలించాడు, వంకర లేకుండా రెండుసార్లు సర్ది.

అప్పటి నుంచి నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, తెల్లగా ఉన్నదాన్ని తెల్లగా ఉంచమని. ఈ ఇంట్లో తెల్లటి కాగితాన్ని ఎవరూ భరించలేకపోయారు. ప్రేమ ఉన్నవాళ్ళే భరించలేకపోయారు. ఖాళీ కనిపిస్తే పువ్వుతో నింపాలి, పువ్వు చాలకపోతే మంచుతో నింపాలి, అదీ చాలకపోతే దండ వేయాలి. ఆమె ఎంతవరకు చూసిందో చూపించే ఒక్క గుర్తు ఉండేది. పెన్సిలు గీత ఆగి రంగు మొదలుకాని చోటు. అది ఇప్పుడు లేదు.

మొన్న ఉగాది ముందర పెరటి వేప పూసింది. అలవాటు కొద్దీ కొమ్మ విరుచుకొచ్చి, గ్లాసులో నీళ్ళు పోసి, బల్ల మీద పెట్టాను. పైన గోడ మీద తంగేడు మెరుస్తోంది.

బావ కాఫీ తాగుతూ చూశాడు. "పచ్చడికా అమ్మా?" అన్నాడు.

"ఊ, పచ్చడికే," అన్నాను. పువ్వు దులిపి గిన్నెలో వేశాను. కొమ్మ బయట పారేశాను.

ఆ బొమ్మ ఇప్పుడు ఏడాది పొడుగునా ఒకటే. మా ఇంట్లో కొమ్మ తెచ్చి సరిచూడడం లేదు, కాలం మారినప్పుడు బొమ్మ మార్చడం లేదు.